మూర్‌సైడ్ ఇళ్ళు

గెర్షన్ ప్లాట్నిక్ ఆ ఉన్నిమిల్లుల ఊళ్ళో దిగినప్పుడు చేతిలో ఉన్నవి ఒక దర్జీ కత్తెర, నాలుగు ముక్కల ఇంగ్లీషు, ఎవరితోనైనా బేరమాడగల గొంతు. ముప్ఫై ఏళ్ళలో ఆ గొంతే అతన్ని క్రాస్‌లేన్ యూదుల ప్రార్థన మందిరానికి పెద్దను చేసింది, నగర కౌన్సిల్లో కుర్చీ ఇప్పించింది. ఆ డిసెంబరు శుక్రవారం రెండూ అతన్ని ఒకేసారి పిలిచాయి.

కౌన్సిల్లో క్రాస్‌లేన్ చెమ్మ ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టే తీర్మానం. గడప గడపా తొక్కి గెర్షన్ కూడగట్టిన బలం ఎదుటివాళ్ళకన్నా ఒక్క ఓటు ఎక్కువ. మందిరంలో ముసలి నఫ్తాలికి తల్లి సంవత్సరీకం. పదిమంది మగవాళ్ళు కూడితేనే ఆ ప్రార్థన చెప్పాలి. పదోవాడు గెర్షనే. పొద్దు గూకేది మూడూ ముప్పావుకి. అక్కణ్ణుంచి సబ్బాతు, రాతా బండి ప్రయాణమూ కూడని యూదుల విశ్రాంతి దినం.

"వస్తావుగా నాయనా?" అని పొద్దున్నే అడిగాడు నఫ్తాలి.

"రాకేం బాబాయ్! మూడింటికల్లా ఓటేసి వచ్చేస్తా."

మూడున్నరైనా ఎదుటి పక్షం సభ్యుడు ఆక్రాయిడ్ ఇంకా మురుగుకాలువల మీదే మాట్లాడుతున్నాడు. గెర్షన్ చేతితొడుగులు వేసుకున్నాడు, తీశాడు. కిటికీ చూశాడు, గడియారం చూశాడు.

"ఏం ప్లాట్నిక్, కుర్చీలో మేకులున్నాయా?" అన్నాడు ఆక్రాయిడ్.

"పొద్దు వాలితే నేను లేచిపోతాననేగా ఈ సాగదీత?"

"అదేం మాటయ్యా! లోతు కాలువ, లోతుగానే మాట్లాడాలి."

సభంతా నవ్వింది. గెర్షన్ లేవలేదు. సబ్బాతు మొదలైతే కలం పట్టకూడదు గాని చెయ్యెత్తడానికి అడ్డేమీ లేదు. నాలుగూ ఇరవైకి ఎత్తాడు. ఒక్క ఓటుతో తీర్మానం నెగ్గింది.

ఇక బండి ఎక్కకూడదు. మంచు కలిసిన వానలో జారుతూ, పడబోతూ నడిచాడు. మందిరంలో అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. నఫ్తాలి ఒక్కడే బల్లమీద కూర్చుని ఉన్నాడు.

"తప్పయింది బాబాయ్."

"తొమ్మిదిమందిమీ ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం. సరేలే, నెగ్గిందా?"

"నెగ్గింది. ఇంట్లోనే కుళాయి, స్నానాలగది. మొదటి వరస మీ వీధికే."

"ఎక్కడ కడతారు?"

"మూర్‌సైడ్‌లో. గాలి మంచిది. ట్రాము కూడా వేస్తారట."

"ట్రామా? సబ్బాతు నాడు నువ్వెక్కుతావా దాన్ని?"

మందిరం నుంచి మూర్‌సైడ్ ఏడు మైళ్ళు. సభలో ప్రతి చెయ్యీ లెక్కపెట్టినవాడు కాలినడక లెక్క వెయ్యలేదు.

"పిల్లల దగ్గు తగ్గుతుంది బాబాయ్," అన్నాడు గెర్షన్.

"తగ్గాలి. నా మనవరాలు రాత్రంతా దగ్గుతుంది, వద్దని నేనంటానా? ఈ తలుపెవరు తీస్తారని మాత్రం అడుగుతున్నా."

ఆదివారం నుంచి గెర్షన్ నిలకడగా కూర్చోలేదు. కొత్త పేటలో ప్రార్థనకు ఒక గది కావాలని రెండేళ్ళు కౌన్సిల్ మెట్లు అరగదీశాడు. "చర్చికే ఇవ్వలేదయ్యా," అన్నాడు ఆక్రాయిడ్, ఈసారి నవ్వకుండానే.

మూడో ఏట క్రాస్‌లేన్ మందిరానికి తాళం పడింది. గెర్షన్ సాధించినవి మూర్‌సైడ్‌లో నూట నలభై ఇళ్ళు, ఇంటింటా కుళాయి, ఆ చలికాలం ఆసుపత్రి ముఖం చూడని పిల్లలు. శుక్రవారం సాయంత్రాలు అక్కడ నఫ్తాలి కొత్తింటి ముందుగదిలో ప్రార్థన జరిగేది. కొన్ని వారాలు ఎనిమిదిమంది, కొన్ని వారాలు పదిమంది. వాళ్ళలో గెర్షన్ ఉండేవాడు కాదు. పాత ఊళ్ళో దర్జీ దుకాణం వెనక ఉన్న అతని ఇంటినుంచి ఆ ఏడు మైళ్ళూ నడవడం కుదరదు.