అడ్డంగా పట్టుకున్న జంపఖానా

“గట్ల అడ్డం పట్టుకొని బండెక్కుడేందే? తొవ్వల ఎవలకన్న తగుల్తది” అని సాంబమూర్తి భార్యతో మళ్లీ అన్నాడు.

“తగలది బాపూ. నీ సైకిలుకు కట్టుకొని నూక్కుంట పోతే, హన్మకొండ చేరేసరికి దుకాణం మూస్తరు.” హరీశ్ అప్పటికే బండి స్టార్టు చేశాడు.

“ట్రాలీ ఆటో మాట్లాడరాదుండ్రి” అంది యాదవ్వ గడపలోంచి.

“ఒక్క జంపఖానకు ట్రాలీ తెస్తే ఊరేగింపనుకుంటరు నాయినమ్మా.”

యాదవ్వకు నవ్వొచ్చింది. సాంబమూర్తికి రాలేదు. “సైకిలు తొక్కెటోనికి ఎరుక, ఎవడు ఎటు పొడుస్తడో” అని గొణిగాడు. పొద్దున్నుంచి నడుస్తున్న ఈ గొడవ తెగేలా లేదని ప్రేమలతే ముందుకొచ్చింది. అత్తాకోడళ్లు ఇంటి మగ్గం మీద నేసిన జంపఖానా అది. మడిస్తే గీత పడుతుందని దుకాణానికి చుట్టగానే తీసుకుపోవాలి. కొడుకు వెనక ఎక్కి, ఆ చుట్టను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. అది రెండు పక్కలా చెరో మూరెడు బయటికి పొడుచుకొచ్చింది.

“పోనియ్‌రా” అంది.

కొత్తవాడ సందు దాటి పెద్దరోడ్డెక్కగానే హరీశ్ బండిని కుడికి తిప్పాడు. ఎడమకు పోయి, డివైడర్ తెగినచోట తిరిగి రావాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఎదురొచ్చే బండ్లకు హారన్ కొడుతూ, మురుగు మోరీ అంచు పట్టుకొని తప్పుదారిలోనే పోనిచ్చాడు.

ఎదురుగా ఒకతను బాగా ముందుకు వంగి సైకిలు తొక్కుతూ వస్తున్నాడు. భుజం మీద ఎర్ర తువ్వాల, హ్యాండిలుకు టిఫిన్ డబ్బా. తన దారిన తాను సరిగ్గానే వస్తున్నాడు. హరీశ్ అంచు వదల్లేదు. దాంతో అతను రోడ్డు మధ్యకు జరగాల్సి వచ్చింది. అతని వెనక నుంచి కూరగాయల ట్రాలీ తరుముకొస్తోంది. ప్రేమలత అంతా చూసింది. చుట్టను నిలువుగా ఎత్తే వ్యవధి ఉంది. ఎత్తలేదు. సాంచెలు, అంటే మరమగ్గాలు నడిచే కార్ఖానాకు పోయేటప్పుడు సాంబమూర్తి కూడా ఎదురుగా బండి కనబడితే సైకిలు దిగి మోరీ పక్కన నిలబడతాడు. ఇతనూ జరుగుతాడనుకుంది.

చుట్ట కొస అతని గడ్డం కింద, సరిగ్గా గొంతు మీద పొడిచింది. ఆ దెబ్బ అదురు ఆమె కడుపు దాకా వచ్చింది. అతను అరవలేదు. సైకిలు మీంచి వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. ట్రాలీ కీచుమని బ్రేకు వేసింది కానీ, ముందు చక్రం అతని మోకాలి మీదికి ఎక్కి దిగాకే ఆగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. డబ్బాలోని అన్నం నెత్తుట్లో పడింది.

“రాంగ్ రూట్ల వచ్చి మనిషిని సంపినవ్ గదరా!”

మూగిన జనంలోంచి ఎవడో హరీశ్‌ను చొక్కా పట్టి కిందికి గుంజాడు. హ్యాండిలుకు వేలాడుతున్న వాడి హెల్మెట్‌ను ఇంకెవడో పీకి, దాంతోనే వాడి మొహం మీద కొట్టాడు. ముక్కు చితికింది. మరో దెబ్బకు పెదవి చీలి పళ్లు బయటపడ్డాయి. వాడు చేతులు జోడించబోతే ఆ చేతుల మీదే తన్నారు. ప్రేమలత కొడుకు మీద అడ్డంగా పడింది. ఆమె డొక్కలో కూడా ఒక కాలు దిగింది.

“ఆడామెరా, ఆగుండ్రి! ఆయిన్ని దవాఖాన్ల ఏస్తరా, ఇక్కడ్నే సావనిస్తరా?” అని ట్రాలీ డ్రైవరు అరిచాడు.

అప్పుడు వదిలారు. పక్కన పడున్న చుట్టను తన్ని పరిచి, పడినతన్ని అందులోకి దొర్లించారు. నలుగురు నాలుగు కొసలు పట్టి ట్రాలీలోకి ఎత్తారు. అతని గొంతులోంచి తిత్తి ఊదినట్టు గాలి చప్పుడు వస్తోంది, మాట రావడం లేదు.

దవాఖానాలో హరీశ్‌కు కుట్లు వేస్తుంటే ప్రేమలత వరండాలో కూర్చుంది. పక్కన ఒకామె జంపఖానా కొసను చేత్తో పట్టుకొని ఏడుస్తోంది. సైకిలు మీంచి పడినతని భార్య సమ్మమ్మ. తన పక్కనున్నది ఎవరో ఆమెకు తెలియదు.

“మార్కెట్ల హమాలీ అక్కా మా ఆయిన మొగిలి. తాగి బండికి అడ్డమొచ్చిండని ఎవలో చెప్తాన్లట. పొద్దుగాల చాయ తాగి పోయిండు, గంతే. ఆయినె జెప్పుకుందామంటె గొంతు లేకపాయె. ఇగ వస్తదో రాదో అంటాన్లు డాక్టర్లు.”

ప్రేమలత లేచి, కొడుకున్న గదిలోకి పోయింది.

తాగి అడ్డమొచ్చాడన్న మాట పుట్టించింది తన బావే అని ఆమెకు సాయంత్రం ఇంట్లో తెలిసింది. సాంబమూర్తి అన్న వెంకటేశ్వర్లు కుర్చీలో కూర్చొని అందరికీ చెబుతున్నాడు. “కల్లు తాగి ఊగుకుంట వచ్చి పడ్డడని ఠాణాల రాయిద్దాం. వాడు ఎట్లాగు మాట్లాడలేడు. హరీశ్ బయటపడ్తడు.”

“అన్న చెప్పినట్టే కానియ్యి” అన్నాడు సాంబమూర్తి నేల చూస్తూ.

ప్రేమలత ఆయన మొహంలోకి చూసింది. “నువ్వు గూడ అంటానవా? రోజూ సైకిలు తొక్కెటోనివి!”

సాంబమూర్తి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

వాచిన పెదాలతో హరీశ్ అడిగాడు. “నా హ్యాండిలే తగిలిందా అమ్మా?”

వాడికి చెంచాతో గంజి పోస్తున్న ప్రేమలత చెయ్యి ఆగింది.

“కాదు బిడ్డా. నా ఒళ్లె ఉన్న చుట్ట తగిలింది. ఆయిన వచ్చుడు నేను చూసిన. సైకిలోడే గదా, జరుగుతడనుకున్న.”

యాదవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటేశ్వర్లు కుర్చీలో ముందుకు వంగాడు. “ఇయ్యాల ఇంట్ల అన్నవు, సరే. బయట అనకు ప్రేమా. తల్లీకొడుకులిద్దరు లోపల పడ్తరు.”

“పడ్తె పడ్తం బావా.” ఆమె గొంతు పెంచలేదు. కొడుకు గడ్డం మీద కారిన గంజిని వేలితో తుడిచింది. “రేపు పొద్దుగాల ఠాణాకు పోతాన. రాంగ్ రూట్ల వచ్చింది మేమని, చుట్ట పట్టుకున్నది నేనని రాయిస్త. ఆన్నుంచి దవాఖానకు పోయి ఆ సమ్మమ్మకు గూడ నా నోటితోనే చెప్త. హరీశ్ నాతోటి వస్తడు.”