ఎమ్మిగనూరు దారి పొడవు

ఆదోని బస్టాండులో మొదటి బస్సు బయలుదేరే ముందు కండక్టరు బజారి మెట్టు మీద నిలబడి రోజూ కేకేసేవాడు. "ఎమ్మిగనూరులో ఎవరినన్నా తలుసుకోని పోయేవాళ్ళుంటే ముందు సీటుకు రాండప్పా!"

గుంపులోంచి ఎవరో ఒకరు సిగ్గుపడుతూ ముందుకొచ్చేవారు. పుట్టింటికి పోయిన కొత్త పెళ్ళాన్ని పిలుచుకొని రావడానికి పోయే మొగుడు కావచ్చు. మిల్లులో వారమంతా పత్తి బేళ్ళు మోసి, ఇంట్లో అమ్మ చేతి జొన్నరొట్టె కోసం మొహం వాచిన కూలీ కావచ్చు. అట్లాంటి మనిషి ముందు సీట్లో కూర్చుంటే ఎమ్మిగనూరు దారి పొట్టిదైపోయేది. గుట్టలూ వంకలూ చేలూ ఒకదాని పక్కకు ఒకటి జరిగి దారిని దగ్గర చేసేవి. నోట్లో వేసుకున్న వక్క నలగకముందే బస్సు ఎమ్మిగనూరు ముందరి కోటేకల్ దాటేది. వాన పడితే వంక పారినంత మామూలుగా చూసేవారు జనం దాన్ని.

ఆ బస్సులు దామోదరం శెట్టివి. కొత్త అల్లుళ్ళ దగ్గర టికెట్టు తీసుకోవద్దని ఆయన కండక్టర్లకు చెప్పి పెట్టాడు. ఒక్క అల్లుడు ఎక్కితే మిగిలే పెట్రోలు ముందు ఆ టికెట్టు ఏపాటి!

రోగుల విషయంలో మాత్రం దారి కనికరించేది కాదు. ఎమ్మిగనూరులో అప్పటికి సరైన ఆసుపత్రి లేదు. కాన్పు కష్టమైనా, పిల్లలకు జ్వరం ముదిరినా బండి కట్టుకొని ఆదోనికి రావలసిందే. ఆ బండికి దారి గజం కూడా తగ్గేది కాదు. ఎంత ఆశతో పోయేవాళ్ళను పక్కన ఎక్కించుకున్నా, మూలుగు వింటూ కూర్చుంటే వాళ్ళ ఆశ కూడా అణిగిపోయేది. అందుకే ఎమ్మిగనూరు వాళ్ళు రైలు కావాలని అర్జీలు పెట్టుకున్నారు. పట్టాల మీద పోయే రైలుకు ఎవరి మనసుతోనూ పని లేదు కదా.

రెండో ఎన్నికలు అయిన మరుసటి ఏడు ఆ అర్జీల విచారణకు పార్లమెంటు రవాణా సంఘం వాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చి ఆదోని ట్రావెలర్స్ బంగళాలో దిగారు. అధ్యక్షుడు నాగేశ్వరయ్య కోస్తా జిల్లా వకీలు. స్టేషన్ మాస్టరు కొడుకు కావడంతో రైలు కూతలు వింటూ పెరిగినవాడు. అయితే తన జిల్లాకు ఒక లైను వేయించుకోవాలని ఆయన పట్టు. ఎమ్మిగనూరు లైను అక్కర్లేదని తేలితే ఆ పని సులువవుతుంది. ఇంకొక సభ్యుడు ఉత్తరాది ఇంజనీరు. ఆయనకు వంతెనలంటే ప్రాణం. ఎక్కడికి పోయినా "నది ఉందా?" అని అడిగేవాడు. లేదంటే కునుకు తీసేవాడు. మూడో ఆయన దామోదరం శెట్టే. పత్తి మిల్లు, తర్వాత బస్సులు, ఆ తర్వాత పెద్దల సభలో సీటు. ఊళ్ళో మొహం చెల్లాలి కాబట్టి రైలు రావాలనే అనేవాడు. లోపల మాత్రం, రైలొస్తే తన బస్సులకు తుప్పు పడుతుందని దిగులు.

నాలుగో సభ్యుడు అయ్యన్న. ఒకప్పుడు దామోదరం శెట్టి బస్సుకే డ్రైవరు. అతని భార్య సుంకమ్మ ఎమ్మిగనూరులో మగ్గం నేసేది. ఆ రోజుల్లో అయ్యన్న ఇంటికి పోయే సాయంత్రపు బస్సుకు ముందు సీట్లో ఎవరూ కూర్చోనక్కర్లేదు. స్టీరింగు మీద అతని చేయి పడితే చాలు, దారి దగ్గరికి వచ్చేసేది.

వాళ్ళకొక కూతురు. మాటలు నేర్చుకునే వయసులో దానికి జ్వరం తగిలింది. డ్రైవర్ల సమ్మె సంగతి మాట్లాడడానికి ఆదోనిలో సభ జరుగుతుంటే అయ్యన్నకు కబురొచ్చింది. ఖాళీ బస్సు తీసుకొని ఒంటరిగా బయలుదేరాడు. ఆ రోజు దారి దగ్గరికి రాలేదు. ప్రతి మలుపు, ప్రతి గుట్ట దాని చోట్లో అది కదలకుండా నిలబడింది. అతను చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. సుంకమ్మ ఏడవలేదు. "దారికి తెలుసు నీ మనసు యాడ ఉండిందో" అని మాత్రం అంది.

అయ్యన్న ఆ ఊరు విడిచిపెట్టాడు. డ్రైవర్ల సంఘం, సమ్మె చేసి జైలు, మళ్ళీ సంఘం, చివరకు పార్లమెంటు. ఓట్లడగడానికి కూడా ఎమ్మిగనూరుకు తను పోకుండా మనుషుల్ని పంపాడు. ఆ దారిలో అడుగు పెడితే అది మళ్ళీ తన పొడవంతా చూపిస్తుందని, సుంకమ్మ అన్న మాట నిజమేనని మళ్ళీ ఒకసారి తేలుతుందని అతని బెదురు.

పొద్దున బంగళా ముందుకు ఎమ్మిగనూరు నేతపని వాళ్ళ పెద్ద తిక్కయ్య వచ్చాడు. అయ్యన్నను పక్కకు పిలిచి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని అన్నాడు.

"అయ్యన్నా, ఏమనుకోవద్దు. నువ్వు ఆ కారు ఎక్కద్దప్పా. దారి కొలిచేకి పోతాండారంట. నీ కోసరం దారి పొట్టిదైతే రైలు ఎందుకని రాసుకోని పోతారు."

అయ్యన్న ఆ తలగుడ్డను తీసి మళ్ళీ తిక్కయ్య తల మీద పెట్టాడు. "నా కోసరం దారి పొట్టిదై శానా కాలమాయె తిక్కయ్యన్నా. నువ్వేం దిగులుపడాకు."

తిక్కయ్య అతని మొహంలోకి చూశాడు. "సుంకమ్మ బాగుండాది" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

కారు దామోదరం శెట్టిదే. తలుపు తెరిచి పట్టుకొని, "ముందు సీట్లో కూసోండి అయ్యన్నగారూ" అన్నాడు. నలుగురిలో ఉన్నప్పుడు మీరు అనేవాడు. ఎంత మర్యాదగా పిలిచినా పాత యజమాని గొంతు అందులోంచి పూర్తిగా పోలేదు. ఆయన ఆలోచన అయ్యన్నకు అర్థం కాకపోలేదు. దారి తగ్గితే రైలు రాకుండా పోతుంది. తగ్గకపోతే పార్లమెంటు సభ్యుడికి పెళ్ళాం మీద ఆశ లేదని ఊరంతా చెప్పుకుంటుంది. రెండిట్లో ఏది జరిగినా శెట్టికి నష్టం లేదు.

కారు కదిలింది. నాగేశ్వరయ్య మైళ్ళ మీటరు మీద చూపు పెట్టాడు. "మీ దారి సంగతి విన్నాను. మా వైపు ఒక రేవు ఉండేది. పడవలో బిడ్డ కోసం పోయే తల్లి ఉంటే నీళ్ళు తగ్గేవి" అన్నాడు. ఇంజనీరు నది ఉందా అని అడిగి, వంక అని తెలుసుకొని కళ్ళు మూసుకున్నాడు.

అయ్యన్న పత్తి బేళ్ళ గురించి ఆలోచించాడు. జొన్న మూటల గురించి, నూలు బండ్ల గురించి ఆలోచించాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న ఆడమనిషి గుర్తుకు రాగానే తల తిప్పి చేలవైపు చూశాడు. కారు ఆరేకల్లు ఊరు దాటింది. పత్తి చెట్లు ఒక్కొక్కటిగా, నిదానంగా వెనక్కి పోతున్నాయి. దారి పూర్తిగా ఉంది.

"అయ్యన్నగారికి ఎమ్మిగనూరులో ఎవరూ లేనట్టుంది" అన్నాడు శెట్టి వెనక నుంచి.

"అదేమిటి, వారి భార్య అక్కడే ఉంటారని విన్నానే?" అన్నాడు నాగేశ్వరయ్య అమాయకంగా.

అయ్యన్న చెవులు కాలిపోయాయి. రైలుకు ఇదే మంచిదని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆరేకల్లు దాటి చాలా దూరం వచ్చాక ఎదురుగా ఒక ఎద్దులబండి వచ్చింది. తోలేవాడు ఎద్దులను ఆగకుండా అదిలిస్తున్నాడు. బండిలో ఒక పడుచు ఒళ్ళో బిడ్డను పెట్టుకొని, కొంగు తడిపి నుదుటి మీద వేస్తోంది. అయ్యన్న కారు ఆపించి దిగాడు.

"ఏమ్మా, ఏమైంది?"

"పాపకు నిన్నటినుంచి జ్వరమప్పా. కండ్లు తెరవదు. ఆదోనికి పోతాండాము." ఆమె పేరు హులిగెమ్మ. బండి తోలేవాడు ఆమె అన్న నరసప్ప.

"కారులోకి రాండి. తొందరగా పోతారు."

హులిగెమ్మ లేవలేదు. బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆడ డాక్టరు ఏం సెప్తాడో అని భయమైతాందన్నా. ఈ దారి ఇట్లే ఉండిపోయి, మేము యాడికీ చేరకపోయినా బాగుండు అనిపిస్తాది."

అయ్యన్న బండి చక్రం పట్టుకొని అట్లే నిలబడిపోయాడు. ఆ రోజు ఖాళీ బస్సులో తను కూడా అదే కోరుకున్నాడు. ఆ మలుపు రాకూడదని, ఆ వీధి రాకూడదని, ఆ వాకిలి కనపడకూడదని. కాలు ఎంత తొక్కినా లోపలి ప్రాణం చేరొద్దు చేరొద్దు అని మొత్తుకుంది. దారి దాని మాటే విన్నది.

"దిగమ్మా" అని అతను బిడ్డను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. కారు దగ్గరికి పోయి, నాగేశ్వరయ్యకు అందించాడు. వకీలు ఒక క్షణం తడబడి, తర్వాత కండువా తీసి ఒళ్ళో పరిచి బిడ్డను పడుకోబెట్టుకున్నాడు.

"మరి దారి కొలిచేది?" అన్నాడు శెట్టి.

"ఆసుపత్రి ఎక్కడుందండీ?" అని అడిగాడు నాగేశ్వరయ్య.

"ఆదోనిలోనే."

"అయితే వెనక్కి తిప్పించండి."

ముందు సీట్లో హులిగెమ్మను కూర్చోబెట్టి అయ్యన్న తలుపు వేశాడు. కారు ఆదోని వైపు పోయింది. నరసప్ప బండిని దాని వెంట తోలుకొని పోయాడు. దారి మీద అయ్యన్న ఒక్కడే మిగిలాడు.

ఎమ్మిగనూరు వైపు తిరిగాడు. సుంకమ్మ మొహం గుర్తు చేసుకున్నాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. నేసేటప్పుడు పెదవి కొరుక్కోవడం, కోపంలో కూడా అన్నం వడ్డించి వాకిట్లోకి పోయి కూర్చోవడం, కూతురిని ఎత్తుకొని బస్సుకు ఎదురు రావడం అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఆమె ఏమంటుందో అన్న బెదురు లేదు. తిట్టినా సరే, ఒక్కసారి చూడాలి. అంతే.

అడుగు వేశాడు. కోటేకల్ గుట్ట పక్కకు వచ్చి దాటిపోయింది. ఇంకో అడుగుకు మగ్గాల చప్పుడు వినిపించింది. వెనక్కి చూస్తే కారు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

సుంకమ్మ మగ్గం మీద ఉంది. వాకిట్లో నీడ పడితే తలెత్తింది. ఆమె చేతిలో అటూ ఇటూ పోగు తోసే నాడె ఆగిపోయింది. చెవి దగ్గర వెంట్రుకలు నెరిసినాయి.

"ఇది బస్సు వచ్చే యాళ కాదే" అంది.

"నడిచి వస్తి."

"యాడ నుంచి?"

"ఆరేకల్లు అవతల కారు దిగితిని."

ఆమె అతని కాళ్ళవైపు చూసింది. అంత దూరం నడిచిన దుమ్ము వాటి మీద లేదు. "ఎప్పుడు దిగితివి?"

"ఇప్పుడే."

సుంకమ్మ మగ్గం గుంతలోంచి లేచింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, గోడకు ఆనుకొని కూర్చుంది. అయ్యన్న గడప దగ్గర కూర్చొని హులిగెమ్మ నోట విన్న మాట చెప్పాడు. ఆ రోజు బస్సులో తనకు ఏమైందో చెప్పాడు.

"ఇన్నేండ్లు ఎందుకు సెప్పకపోతివి?"

"నాకే తెలీదు సుంకీ. నువ్వన్నదే నిజమనుకుంటి."

"నువ్వు జైల్లో ఉండావని తెలిసి నేనొకసారి చూసేకి బయలుదేరితి" అంది. "బజారి నన్ను ముందు సీట్లో కూసోబెట్టినాడు. దారి కదల్లేదు. బస్సంతా నన్నే చూస్తాంటే తల ఎత్తలేకపోతిని. నీ మీద నాకు ఆశ సచ్చిపోయిందనుకుంటి. కోటేకల్‌లో దిగి వెనక్కి నడిచి వచ్చేసినా."

"భయపడినావా?"

"నన్ను చూసి మొగం తిప్పుకుంటావేమో అని..." అంది. కూతురు పోయిన రోజు రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. అయ్యన్న లేచి పోయి పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం బస్సులో కబురొచ్చింది. పాప కళ్ళు తెరిచిందట, పాలు తాగిందట. ఢిల్లీ నుంచి వచ్చిన వకీలు ఆసుపత్రి వరండా వదిలి పోలేదట.

తర్వాత ఢిల్లీలో సంఘం కూర్చున్నప్పుడు, ఎమ్మిగనూరు అంత దూరమేమీ కాదని దామోదరం శెట్టి మెల్లగా అన్నాడు. నాగేశ్వరయ్య తలెత్తి, "బిడ్డను ఒళ్ళో పెట్టుకొని వెళ్ళాను శెట్టిగారూ. ఎంత దూరమో నాకు తెలుసు" అన్నాడు. తన జిల్లా లైనును వెనక్కి పెట్టి ఎమ్మిగనూరు పేరు ముందు చేర్చాడు. పట్టాలు పడేదాకా ఆగకుండా ఆ ఊరికి డాక్టరును పంపించాలని పట్టుబట్టి పంపించాడు కూడా.

అయితే అదంతా తరువాతి మాట. కబురొచ్చిన మరునాడు పొద్దున్నే అయ్యన్న, సుంకమ్మ పాపను చూడడానికి ఆదోనికి బయలుదేరారు. బస్సు వద్దు, నడుద్దామంది సుంకమ్మ.

కోటేకల్ చేరేసరికి ఎండ ఎక్కింది. గుట్ట గుట్ట మాదిరే ఉంది, వంక వంక మాదిరే ఉంది. తలుచుకునే మనిషి పక్కనే నడుస్తుంటే దారికి దగ్గరయ్యే పనేముంది? అది తన పొడవంతా తీరికగా పరుచుకొని పడుకుంది. పత్తి పూసిన చేల పక్కన ఆగి ఇద్దరూ సద్ది విప్పుకొని తిన్నారు. కూతురి మాటలు ఒకరికి గుర్తులేనివి ఇంకొకరు చెప్పుకున్నారు. సుంకమ్మ రెండుసార్లు నవ్వింది.

మళ్ళీ లేచి నడిచేటప్పుడు, "ఇంకా ఎంత దూరముండాది?" అని అడిగింది.

"శానా ఉండాది."

"ఉండనీలే" అంది సుంకమ్మ.