శాంపిల్ నీళ్లు

కాలవ వదిలిన వారానికే ఊళ్లోకి ఎర్రనీళ్లు వచ్చాయి. ఊరికి నీళ్ల ఫిల్టరు ఇవ్వాలో వద్దో తేల్చడానికి వచ్చిన ఇంజనీరు, సర్పంచి మాణిక్యాంబగారి అరుగు మీద కూర్చుని, శాంపిల్‌కి కాలవ నీళ్లు తెమ్మన్నాడు.

ఆవిడ బిందె ముంచుకొచ్చింది. చూస్తే టీ రంగు. ఇంటికొచ్చిన మనిషి చేతికి ఇవెలా ఇస్తారు? నీళ్లు తేరడానికి రోజూ చేసేదేగా అని, మట్టికుండ లోపల చిల్లగింజ అరగదీసి, ఆ నీళ్లు పోసి, ఆయనకి పెసరట్టు వేసింది. ఆయన తిని, కాఫీ తాగి, కాస్త నడుం వాల్చి లేచేసరికి మట్టంతా అడుక్కి దిగింది. పైనున్న తేట సీసాలో పోసిచ్చింది.

"మీ కాలవ నీళ్లు అద్దంలా ఉన్నాయండీ!" అని మెచ్చుకుని వెళ్లాడు. ఫిల్టరు పక్కూరికి వెళ్లింది.

ఊరంతా ఆవిడ మీద దుమ్మెత్తి పోసింది.

"బురదనీళ్లిచ్చి పరువు తీసుకోమంటారేంటి?" అని ఆవిడా విరుచుకుపడింది.

మరుసటి ఏడు, ఊరివాళ్లు ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఇంజనీరు మళ్లీ వచ్చాడు.

"ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండమ్మా, మీకు దణ్ణం పెడతాం" అని వీధివాళ్లు ముందే బతిమాలారు.

మాణిక్యాంబ సరేనంది. బిందెలోకి చూసింది. అరుగు మీద మనిషిని చూసింది. చిల్లగింజ తీసింది గానీ, సగమే అరగదీసింది.