తడిబట్టల ప్రమాణం

వరసకు మరిదయ్యే నవీన్ చేత నలుగురిలో నిజం కక్కించేదాకా తనకు తిన్నది ఒంటబట్టదని లోకేశ్వరి తీర్మానించుకుంది.

పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్‌కు దిగిన ఆమె మొగుడు భానుచందర్‌కు, పైకి వచ్చిన కాసేపటికే మాట పడిపోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది. గుండె పై గదుల మధ్య పుట్టగానే మూసుకోవాల్సిన రంధ్రం అతనికి మూసుకోలేదు. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు నెత్తుట్లో పుట్టే గాలిబుడగలు మామూలుగా ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతాయి. అతనికి మాత్రం ఆ దొంగదారిన మెదడుకెక్కాయని తిరుపతి డాక్టరు చెప్పాడు.

రంధ్రం సంగతి మొగుడికి ముందే తెలుసు. ఐరాలలో తమ ఇంటి అరుగు మీద భానుచందర్ ఆ మాట నవీన్‌కు చెబుతుంటే లోకేశ్వరి చెవులారా విన్నది. తిరుపతి నుంచి జనాన్ని డైవింగ్‌కు తీసుకుపోవడమే నవీన్ బతుకుదెరువు. "పసిబిడ్డల జబ్బు నీకేందన్నా? పక్కన నేనుండా కదా!" అని పకపకా నవ్వాడు. ఆమెకేమో, ఊరికే సముద్రం చూసొస్తామని చెప్పి ఇద్దరూ బయల్దేరారు. ఇప్పుడు "రోగం దాచిపెట్టి నా కొంప ముంచినాడు" అని నవీన్ ఊరంతా చాటుతున్నాడు. నోరు పడిపోయినవాడి మీద నింద వెయ్యడానికి పెద్ద మగతనం కావాలా?

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని పెద్దమనుషుల ముందు అడిగింది లోకేశ్వరి. ఆ వినాయకుడి ఎదుట అబద్ధమాడినవాడు బాగుపడడని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. వెనక్కి తగ్గుతాడనుకుంది. తగ్గలేదు. గుడి కోనేట్లో మునిగి లేచి, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి, "అన్న నాకు చెప్పలేదు సామీ" అనేశాడు. పెద్దమనుషులు చేతులు దులుపుకున్నారు.

బయట కొబ్బరికాయల అంగడి దగ్గర లోకేశ్వరి అతన్ని ఆపింది.

"మళ్ళా సముద్రంలో దిగుతావా నాయనా?"

"నా పనే అది గదా వదినా."

"నలుగుర్లో ఒకరికి ఆ రంధ్రం ఉంటాదంట. ఉండేది వాళ్ళకే తెలవదంట. నీ గుండె యాడన్నా సూపించుకున్యావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నవీన్ చెయ్యి తడిచొక్కా మీదికి పోయింది.

"పోయిరా. నువ్వు నిజమే చెప్పుంటే భయమెందుకు?" అంది మెత్తగా.

ఆ తర్వాత నవీన్ నీళ్ళలోకి దిగలేకపోయాడు. దిగబోతే గుండె దడ, ఒళ్ళంతా వణుకు. పరీక్ష చేయించుకుంటే రంధ్రమే లేదన్నారు. అయినా కాలు ముందుకు పడలేదు. అతన్ని నమ్ముకున్న జనం వేరేవాళ్ళతో పోవడం మొదలుపెట్టారు. ఆ కబురు విన్నరోజు లోకేశ్వరి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నది.

ఒక సాయంత్రం అరుగు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వదినా, అన్న చెప్పినాడు. నేనే నవ్వినాను. దేవుడి ముందర అబద్ధమాడినాను."

"గట్టిగా చెప్పు. మీ అన్నకు ఇనపడల్యా."

వీధి వీధంతా వచ్చి చేరేదాకా చెప్పిస్తూనే ఉంది. లోపల మంచం మీద భానుచందర్ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడన్నా నా భయం పోతాదా వదినా?"

"నన్నడిగితే? నేను ఒక మాట అడిగినాను, అంతే. రంధ్రం లేదన్నారు గదప్పా, పోయి మునుగు." కాళ్ళు కడుక్కోమని బకెట్టు నీళ్ళు ముందుకు జరిపింది.

నవీన్ రెండడుగులు వెనక్కి వేశాడు.