ఊడ్చిన బీడు

మండలాలు వచ్చిన కొత్తలో, మాచర్ల అవతల మా ఊరి పశువుల బీడును సిమెంటు కంపెనీకి ఇవ్వొద్దని అర్జీల మీద అర్జీలు పెట్టాం. చివరికి ఎమ్మార్వో చూడటానికి వస్తానన్నాడు.

పెద్దమనిషి వస్తున్నాడని బీడంతా ఊడ్చి, పేడ ఎత్తి, నీళ్లు చల్లాం. ఆయనకు అడ్డం పడతాయని గొడ్లను ఇళ్ల దగ్గరే కట్టేశాం.

"ఆయన చూడాల్సింది గొడ్లనే గదరా!" అని మేకలు కాసే సైదాబీ మొత్తుకుంది.

"మర్యాద తెలవదా పిన్నీ? నువ్వూరుకో," అన్నాడు సర్పంచి బ్రహ్మయ్య.

కంపెనీ జీపులోంచి దిగిన ఎమ్మార్వో మేమిచ్చిన మజ్జిగ తాగాడు. బీడు నలువైపులా చూశాడు. "ఇక్కడ గొడ్లేవీ మేయడం లేదే," అంటూ అదే మాట రాసుకుని, అదే జీపెక్కి వెళ్లిపోయాడు.

ఊళ్లో గొడ్లు ఆకలికి అరుస్తున్నాయి. విప్పడానికి బయల్దేరిన బ్రహ్మయ్యకు సైదాబీ ఎదురొచ్చింది.

"ఇంక విప్పబాక. యాడికి తోలతావు?"