వాయిస్ కూడదు

బేస్‌మెంటు చెత్తగదిలో చెంగమ్మ ఆసిడ్ పోసి నేల రుద్దుతోంది. పొగ మోకాళ్ల దాకా లేచింది. కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకున్నా కళ్లలో నీళ్లు ఆగడం లేదు. వేళ్ల సందుల్లో చర్మం ఉల్లిపొరలా లేచిపోయింది. గోడమీద గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగిపోయి ఒక వానాకాలం దాటింది. రెక్కల మధ్య సాలీడు సంసారం పెట్టింది.

చెన్నై షోళింగనల్లూరులోని ఆ అపార్టుమెంట్లలో ఊడ్చి కడిగే ఆడవాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. చెంగమ్మకు రాయడం రాదు, మాట మాత్రం బాగా వచ్చు. ఫ్యాను చచ్చిందని, ఊపిరాడటం లేదని ఒకనాడు అందులో మాట్లాడి పెట్టింది. అది విని మిగతావాళ్లూ తమ బాధలు అందుకున్నారు. తొలివానకు కప్పలు లేచినట్టు గ్రూపంతా గొంతులే. ఆ గొంతులు ఎలాగో ఫ్లాట్లవాళ్ల చెవిన పడ్డాయి. మర్నాడే సూపర్‌వైజరు ఆనంద్‌రాజ్ రూలు పెట్టాడు. వాయిస్ కూడదు. చెప్పేదుంటే రాసి పెట్టాలి. లేదంటే కడిగిన చోటు ఫోటో చాలు.

ఆ ఆడవాళ్లలో రాయడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పటినుంచి గ్రూపులో తడి నేలలు, తడి మెట్లు. ఒక్కోదాని కింద ఆనంద్‌రాజ్ బొటనవేలు బొమ్మ.

నేల కడిగాక చెంగమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"తంబీ, ఆ ఫ్యాను..."

"ఈడొచ్చి చెప్పబాకక్కా. ఏదైనా గ్రూపులోనే. రూలుండాది గదా."

"రాసేదానికి నాకు యాడొస్తాది?"

"నేర్చుకో. నా కూతురు యూకేజీ, అదే రాస్తా ఉండాది."

మెట్ల దగ్గర తోటిపనిమనిషి అంజలై ఆ మాట విని మూతి తిప్పింది. "ఫ్యాను ఫోటో పెట్టుమే. దానికేమన్నా నోరుండాదా, రూలు అడ్డమొచ్చేదానికి?" అంది. ఇద్దరూ నవ్వారు. చెంగమ్మ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి గానీ పైకి రాలేదు.

మధ్యాహ్నం మళ్లీ ఆసిడ్ పోసి, ఫ్యాను ఫోటో తీసి పెట్టింది. ఆనంద్‌రాజ్ జవాబు వెంటనే వచ్చింది. వాయిస్. అడ్మినుకు ఆ రూలు లేదు.

"చూసినానక్కా. ఏం సాలీడు ఒట్టడ అది, గుడిసె కట్టినట్టుండాది. ఆ బూజు దులిపి మళ్లా ఫోటో పెట్టు."

చెంగమ్మ అది రెండుసార్లు వింది. చెప్పులు విప్పి, పొగలోనే స్టూలెక్కి, దీపపు సెమ్మె తుడిచినట్టు ఒక్కో రెక్కా కొంగుతో తుడిచింది. ఫోటో పెట్టింది. బొటనవేలు వచ్చింది. కిందికి దిగి గోడకు వీపు ఆనించి కూర్చుంది.

సాయంత్రం అంజలై వచ్చి లేపితే లేవలేదు. ఆటోలో తీసుకుపోతే, ఆస్పత్రి గుమ్మంలోనే నాడి చూసి చెయ్యి వదిలేశారు.

గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. మర్నాడు చెంగమ్మ నంబరు తీసేసినట్టు ఒక చిన్న వరుస వచ్చింది. చెత్తగది అంజలై వంతుకు పడింది. ఆమె మైకు గుర్తు మీద వేలు అదిమి పట్టి "చెంగమ్మక్క..." అంది. ఆగింది. అన్న ఆ ఒక్క మాటా చెరిపేసి, చీపురు తీసుకుంది. స్టూలు దగ్గర జానెడు చోటు వదిలి మిగతాదంతా కడిగి ఫోటో పెట్టింది.

బొటనవేలు వచ్చింది.

ఫోటోలో స్టూలు కాళ్ల పక్కన రెండు రబ్బరు చెప్పులు. ఎడమదాని తెగిన పట్టీకి పిన్నీసు.