దిగిన అంతస్తును బట్టి వైద్యం

మూడో అంతస్తు బటన్ నొక్కి, లిఫ్టాయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లుగా నొక్కీ నొక్కీ చూపుడువేలి కొస చదునైపోయింది. ఆ ఆసుపత్రిలో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల సంగతి ఆయనకు కంఠతా వచ్చు. మూడో అంతస్తులో సర్జన్ దగ్గర దిగినవాళ్లు ఆపరేషన్ తేదీతో వచ్చేవారు. కింద రేడియేషన్ డాక్టరమ్మ దగ్గర దిగినవాళ్లు కరెంటు పెట్టించుకునే తేదీలతో వచ్చేవారు.

ఇప్పుడు ఆ జబ్బు ఆయనకే వచ్చింది. చిన్నదే, నెమ్మదిదే. సర్జన్ తీసేద్దామన్నాడు. డాక్టరమ్మ కరెంటు చాలంది. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. ఎవరి చెయ్యి తిరిగిన వైద్యం మీద వాళ్లకు గురి. లిఫ్టాయన భయం ఒక్కటే. ఏం చేయించుకున్నా ఒంటేలు ఆపుకోలేకపోవచ్చన్నారు. అదే జరిగితే, నలుగురి మధ్య ఈ పెట్టెలో రోజంతా ఎలా కూర్చోవడం?

ఆ ఉదయం ఇద్దరు డాక్టర్లూ ఒకేసారి లిఫ్టెక్కారు. వేరే ఎవరూ లేరు. రెండో అంతస్తు దాటగానే ఆయన ఎర్ర బటన్ నొక్కేశాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు సర్జన్.

"ఏం కాలేదు సార్. మీరిద్దరూ ఒక మాట మీదికొస్తే కదులుద్ది."

వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంగ్లీషులో కాసేపు గొణుక్కున్నారు. చివరికి డాక్టరమ్మ అంది: "ఇప్పుడే ఏమీ అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి రక్తం చూస్తూ ఉందాం. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం."

"మరి ముందే చెప్పలేదేం?"

సర్జన్ తన చేతుల వంక చూసుకున్నాడు. "చేతులు ముడుచుకు కూర్చోవడం మాకెవరూ నేర్పలేదు పెద్దాయనా."

ఆ మాటకు లిఫ్టాయనకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బటన్ నొక్కాడు.

ఇంట్లో భార్య మాత్రం ఊరుకోలేదు. "పక్కలో పామును పెట్టుకుని నిద్రెలా పడుతుందండీ మీకు?"

"పాము కాదే, వానపాము."

ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పాత దుప్పటి చింపి, స్టూలు మీదికి ఒక దిండు కుట్టిచ్చింది. కావాలనే పైన తెల్లగుడ్డ వేసి కుట్టింది.

ఎనిమిదేళ్ల తరవాత ఒక మధ్యాహ్నం మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంటే, లిఫ్టాయన గోడకు తల ఆనించి ఉన్నాడు. గుండె ఆగిపోయింది. ఆ చిన్న జబ్బు ఎక్కడిదక్కడే ఉంది. సర్జనూ డాక్టరమ్మా వచ్చి, చెరోవైపూ పట్టుకుని ఆయన్ను లేపారు.

స్టూలు మీద తెల్లదిండు, మధ్యలో కాస్త అణిగి, ఒక్క మరకైనా లేకుండా ఉంది.